గైడ్‌ని ఎంచుకునేటప్పుడు హెచ్-ఇండెక్స్ ఎంతవరకు నమ్మాలి? పబ్లికేషన్ల జాబితా ఎలా చదవాలి?

ప్రశ్న క్లుప్తంగా: "మాదాపూర్‌లో ఎనిమిదేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఉద్యోగం వదలకుండా సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీ చేద్దామని ఉంది. హైదరాబాద్‌లోనే ముగ్గురు గైడ్లను అనుకున్నాను. ఒకాయన హెచ్-ఇండెక్స్ 31, ఇంకొకాయనది 17, మూడో మేడమ్‌ది 9. 31 ఉన్న సార్ దగ్గరే చేరమని ఆఫీసులో అందరూ అంటున్నారు. అంతేనంటారా? ఒక రీసెర్చర్ ప్రభావం ఎంతో పేపర్ల జాబితా చూసి తెలుసుకోవడం ఎలా?"

ఆ 31 ఒక్కటే చూసి చేరకండి. ఆ సార్ నిజంగానే పెద్ద రీసెర్చర్ అయి ఉండొచ్చు, కానీ ఆ సంగతి తేల్చడానికి ఆ అంకె సరిపోదు. నేను ఈ రంగంలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. పేపర్లు రాశాను, ఇతరులవి రివ్యూ చేశాను, సెలక్షన్ కమిటీల్లో కూర్చుని బయోడేటాలు తిరగేశాను. ఆ కమిటీల్లో పాతిక పేజీల పబ్లికేషన్ల జాబితా టేబుల్ మీద ఉంటుంది, అందరి కళ్లూ మొదటి పేజీలో ఉన్న ఒకే ఒక్క అంకె మీద ఉంటాయి. టీ వచ్చేలోపు తేల్చేయాలి కదా మరి. మీకు ఆ తొందర లేదు. నాలుగైదేళ్లు ఆ మనిషితో గడపబోతున్నారు కాబట్టి ఒక శని, ఆదివారం దీనికి కేటాయించండి.

ముందు ఆ అంకె సంగతి. హెచ్-ఇండెక్స్‌ని 2005లో ప్రతిపాదించింది హోర్హే హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్. లెక్క సులువే. సైటేషన్ అంటే ఒక పేపరును ఇంకో పేపరు ఉదహరించడం. పేపర్లను సైటేషన్లు ఎక్కువున్న దాని నుంచి తక్కువున్న దాని దాకా వరుసగా పేర్చుకుంటూ రండి. ఐదో పేపరుకు కనీసం ఐదు సైటేషన్లు ఉండి, ఆరోదానికి ఆరు లేకపోతే హెచ్ 5. ఒకాయన పేపర్లకు 41, 17, 9, 6, 5, 3 సైటేషన్లు ఉన్నాయనుకోండి, హెచ్ 5. ఇంకొకావిడ పేపర్లకు 900, 60, 7, 5, 5, 2 ఉన్నాయి. ఆవిడదీ 5. రెండో జాబితాలో మొదటి పేపరు ఒక ఉపరంగానికే దారి చూపించి ఉండొచ్చు, హెచ్-ఇండెక్స్‌కి అది పట్టదు. పైగా ఈ అంకె పెరగడమే గానీ తగ్గదు. మనిషి రిటైరై మనవలతో ఆడుకుంటున్నా పెరుగుతూనే ఉంటుంది. అందుకే రీసెర్చ్‌లో ఎన్నేళ్లున్నారో ఆ సంఖ్యతో భాగించి కూడా చూడమని హిర్ష్ గారే అదే వ్యాసంలో సూచించారు. మన దగ్గర ఆ భాగహారం చేసేవాళ్లు అరుదు. మీ ముగ్గురిలో 31 ఉన్న సార్ మొదటి పేపరు 1996లో వచ్చి, 9 ఉన్న మేడమ్ మొదటి పేపరు 2018లో వచ్చి ఉంటే, ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడటంలో అర్థమే లేదు.

ఇక ప్రొఫైల్. రీసెర్చర్ల పేపర్లను, సైటేషన్లను చూపించే గూగుల్ స్కాలర్ పేజీని ఎవరో ఆఫీసరు సర్టిఫై చేసి ఇచ్చారన్నట్టు చూస్తారు చాలామంది. అది యంత్రం పేర్చిన జాబితా. ప్రొఫైల్ యజమాని ఒకసారి "కొత్త పేపర్లు ఆటోమేటిక్‌గా చేర్చు" అని టిక్ పెడితే, అదే పేరున్న వేరే మనిషి పేపర్లు కూడా వచ్చి చేరతాయి. మన తెలుగు పేర్లకు ఈ బెడద మరీ ఎక్కువ. కె. శ్రీనివాస్‌లు, పి. వెంకటేశ్వరరావులు, ఎం. లక్ష్మిలు ఈ ఊళ్లో ఎంతమంది ఉంటారో మీకు తెలియంది కాదు. ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది, కాన్ఫరెన్సు ఫారంలో "లాస్ట్ నేమ్" తప్పనిసరి అంటుంది. ఒక పేపర్లో రావు లాస్ట్ నేమ్ అవుతుంది, మరో పేపర్లో ఇంటిపేరు అవుతుంది, మూడో దాంట్లో ఉత్త "కె" అని పడుతుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న మేడమ్‌ల పేపర్లయితే రెండు పేర్ల మధ్య చీలిపోతాయి. ఇలా ఒకరికి లేని సైటేషన్లు వచ్చిపడతాయి, ఇంకొకరికి ఉన్నవీ కనిపించవు. 2012 నుంచి ఒక్కో రీసెర్చర్‌ను విడిగా గుర్తించే ఆర్కిడ్ నంబర్లు వచ్చాయి గానీ పాత పేపర్లకు వాటిని కలుపుకునే ఓపిక అందరికీ ఉండదు.

కాబట్టి స్కాలర్ పేజీ పక్కనే డీబీఎల్‌పీ తెరవండి. జర్మనీలోని ట్రియర్ యూనివర్సిటీలో 1993లో మొదలైన కంప్యూటర్ సైన్స్ పేపర్ల సూచిక అది. ఇప్పుడు దాన్ని ష్లాస్ డాగ్‌స్టుల్ అనే సంస్థ నడుపుతోంది. సైటేషన్లు లెక్కపెట్టదు, ఎవరు ఏ పేపరు ఎక్కడ వేశారో మాత్రం చెబుతుంది. ఒకే పేరున్న వాళ్లను నంబర్లు ఇచ్చి విడదీస్తుంది. జర్నల్ పేపర్ల పక్కన ఎర్ర గుర్తు, కాన్ఫరెన్సు పేపర్ల పక్కన నీలం, ప్రీప్రింట్లకు, అంటే రివ్యూ కాకముందే బయటపెట్టిన పేపర్లకు, బూడిద రంగు. స్కాలర్‌లో 180 పేపర్లు కనిపించి, డీబీఎల్‌పీలో 22 మాత్రమే ఉంటే వెంటనే అనుమానించనక్కర్లేదు. కంప్యూటర్ సైన్స్ బయటి పేపర్లు, చిన్న జర్నల్స్ అందులో ఉండవు. అయినా ఆ మిగతా 158 ఏమిటో ఒకసారి చూడాల్సిందే.

డీబీఎల్‌పీలో ఇంకొక చిన్న పని చేయండి. పేజీ నంబర్లు చూడండి. బయోడేటాలో "ఐసీఎస్‌ఈ పేపరు" అని ఉంటుంది. ఐసీఎస్‌ఈ అంటే మా రంగంలో అతిపెద్ద కాన్ఫరెన్సు, 1975 నుంచి జరుగుతోంది. మెయిన్ ట్రాక్ పేపరంటే పది పన్నెండు పేజీలు, పంపినవాటిలో సుమారు ఐదింటికి ఒకటే అంగీకారం పొందుతుంది. అదే కాన్ఫరెన్సుకు "కంపానియన్" అని మరో సంపుటం ఉంటుంది. డెమోలు, పోస్టర్లు అందులో వస్తాయి, రెండు మూడు పేజీలు, నాలుగు పేజీలు. పోస్టరు వేయడం తప్పేమీ కాదు, నేనూ వేశాను. కానీ బయోడేటాలో రెండూ ఒకే లైనుగా కనిపిస్తాయి. 2014లో ఐసీఎస్‌ఈ మన హైదరాబాద్‌కే వచ్చింది, మే 31 నుంచి జూన్ 7 దాకా. ఐఐఐటీ ఢిల్లీకి చెందిన పంకజ్ జలోటే గారు జనరల్ ఛైర్. సొంత ఊళ్లో జరిగింది కాబట్టి ఆ ఏడాది ఇక్కడి వాళ్ల బయోడేటాల్లో ఆ పేరు కనిపించడం సహజం. ప్రధాన సంపుటంలోనా, కంపానియన్‌లోనా, పక్కన జరిగిన వర్క్‌షాపులోనా అన్నది డీబీఎల్‌పీ అర నిమిషంలో చెప్పేస్తుంది.

మీ ఆఫీసు మిత్రులకు తెలియని విషయం ఇంకొకటుంది. మిగతా సైన్సుల్లో జర్నలే గొప్ప, కాన్ఫరెన్సు అంటే వెళ్లి మాట్లాడి రావడం. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌లో ఐసీఎస్‌ఈ, ఎఫ్‌ఎస్‌ఈ, ఏఎస్‌ఈ, ఇస్టా లాంటి కాన్ఫరెన్సుల్లో పేపరు రావడం మంచి జర్నల్లో రావడానికి ఏమాత్రం తీసిపోదు. జర్నల్స్‌లో ఐట్రిపుల్‌ఈ వాళ్ల టీఎస్‌ఈ (ట్రాన్సాక్షన్స్ ఆన్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్), ఏసీఎం వాళ్ల టోసెమ్, స్ప్రింగర్ వాళ్ల ఎంపిరికల్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ముందు వరుసలో ఉంటాయి. మనదేశపు కాన్ఫరెన్సు ఐసెక్ కూడా ఉంది. 2008 ఫిబ్రవరిలో మొదటిసారి జరిగింది హైదరాబాద్‌లోనే. స్థాయిలో వాటితో పోల్చలేం గానీ ఇక్కడి స్కాలర్లు మొదటి పేపరుతో బయటికి వచ్చేది తరచుగా అక్కడే. గైడ్ జాబితాలో ఐసెక్ పేపర్లుంటే చిన్నచూపు చూడకండి.

మరి మన కాలేజీల్లో "స్కోపస్ పేపర్లెన్ని?" అని, అంటే స్కోపస్ అనే పేపర్ల సూచికలో ఎన్ని ఉన్నాయని మాత్రమే ఎందుకడుగుతారు? ప్రమోషన్లు, అక్రెడిటేషన్లు, ర్యాంకులు అన్నిటికీ లెక్క కావాలి, స్కోపస్‌లో ఉందా లేదా అన్నది లెక్కకు సులువు. దాని ఫలితం మీరు వాట్సాప్‌లో చూసే ఉంటారు: "స్కోపస్ పబ్లికేషన్ గ్యారంటీ, ముప్పై రోజుల్లో యాక్సెప్టెన్స్." అమీర్‌పేటలో బీటెక్ ప్రాజెక్టులు అమ్మినట్టే ఇప్పుడు పేపర్లు అమ్ముతున్నారు. ఈ వ్యాపారంలో మన ఊరికి అంతర్జాతీయ ఖ్యాతి కూడా దక్కింది లెండి. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థ రచయితలను మోసగించిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేస్తే, 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. పీహెచ్‌డీ థీసిస్ ఇవ్వడానికి ముందు పేపరు తప్పనిసరి అన్న నిబంధనను యూజీసీ 2022లో తీసేసింది. 2025లో తాను గుర్తించిన జర్నల్స్ జాబితా అయిన కేర్‌నీ ఆపేసింది. అయినా యూనివర్సిటీలు సొంత నిబంధనలు పెట్టుకుంటాయి, అందుకని మీరు చేరబోయే చోట రూల్ ఏమిటో రాతపూర్వకంగా కనుక్కోండి. గైడ్ జాబితాలో ఒకే ఏడాది ఒకే అనామక జర్నల్‌లో ఏడెనిమిది పేపర్లు కనిపిస్తే, రేపు మీ పేపర్లూ అక్కడికే వెళ్తాయని అర్థం.

ఇప్పుడు అసలు పని: సైటేషన్లను చదవడం. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే. నూటికి తొంభై మంది ఇక్కడిదాకా రారు.

స్కాలర్ పేజీలో గైడ్ గారి పేపర్లలో ఎక్కువ సైటేషన్లున్న ఒకటి తీసుకోండి. సైటేషన్ల సంఖ్య పక్కన నక్షత్రం గుర్తుందా చూడండి. ఉంటే, వేరే పేపరుకు వచ్చినవి కూడా ఇందులో కలిసి ఉండే అవకాశముంది. ఆ అంకె మీద నొక్కితే దీన్ని ఉదహరించిన పేపర్ల జాబితా వస్తుంది. వేర్వేరు సంవత్సరాలవి ఓ పది తెరవండి. ఒక్కోదాంట్లో రిఫరెన్సుల జాబితాలో గైడ్ గారి పేపరు నంబరు చూసుకుని, ఆ నంబరు పేపర్లో ఎక్కడెక్కడ వచ్చిందో వెతకండి. ఆ వాక్యం చదవండి.

మూడు రకాలు కనిపిస్తాయి. ఎక్కువగా కనిపించేది ఇది: "లోపాలను ముందే అంచనా వేయడంపై ఎన్నో పరిశోధనలు జరిగాయి [3–17]." ఆ పదిహేనింటిలో మన సార్ పేపరు ఒకటి, అంతే. రాసినవాళ్లు దాన్ని తెరిచి చూశారో లేదో కూడా చెప్పలేం. రెండో రకం: "మా పద్ధతిని [12]తో పోల్చాం, [12]లోని టూల్‌నే వాడాం, [12] ఇచ్చిన డేటాసెట్ తీసుకున్నాం." అంటే వేరే ల్యాబులో ఎవరో కూర్చుని, ఆ కోడ్ డౌన్‌లోడ్ చేసి, నడిపి, తమ పనిని దాని మీద కట్టారు. మూడో రకం అరుదు: "[12] చెప్పిన ఫలితం మాకు రాలేదు, ఎందుకంటే..." చాలామంది దీన్ని చెడ్డ గుర్తు అనుకుంటారు. ఒకరు నెలల తరబడి శ్రమపడి మీ ఫలితాన్ని పరీక్షించారంటే ఆ ఫలితానికి విలువ ఉందనేగా. నన్నడిగితే రెండో రకం ఐదు, మూడో రకం ఒకటి ఉన్న పేపరు మొదటి రకం రెండు వందలున్న పేపరు కన్నా బరువైనది. పెళ్లికి వచ్చిన వాళ్లంతా చదివింపులు చదివించరు కదా.

ఉదహరించిన వాళ్లెవరో కూడా చూడండి. సొంత విద్యార్థులు, పక్క డిపార్ట్‌మెంటు వాళ్లు, ఒకే కాలేజీ వాళ్లు మళ్లీ మళ్లీ కనిపిస్తున్నారా? తన పాత పనిని తాను ఉదహరించడం సహజమే, పని కొనసాగింపు అయినప్పుడు తప్పదు కూడా. సైటేషన్లలో సగానికి సగం అలాంటివే అయితే ఆలోచించాలి.

మన దగ్గర తరచూ కనిపించే నమూనా ఒకటి చెబుతాను, అప్పుడు మీకే తేడా తెలుస్తుంది. చిదంబర్, కెమెరర్ అనే ఇద్దరు 1994లో టీఎస్‌ఈలో ఒక పేపరు రాశారు. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ డిజైన్‌ని కొలవడానికి ఆరు కొలమానాలు ఇచ్చారు: క్లాసులనే కోడ్ ముక్కల మధ్య ముడి ఎంత బిగుతుగా ఉంది, వారసత్వం ఎంత లోతుకు పోయింది, ఇలాంటివి. మీ ఆఫీసులో వాడే కోడ్ క్వాలిటీ టూల్‌లో వాటి సంతానం కనిపిస్తుంది. ఆ తర్వాత ఈ కొలమానాలతో ఏ మాడ్యూల్‌లో బగ్స్ ఉంటాయో ఊహించే పేపర్ల వరద మొదలైంది. నాసా వాళ్ల ప్రాజెక్టుల డేటా అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఇక చూడండి: అదే డేటా, ఒకరు డెసిషన్ ట్రీ పెడతారు, ఇంకొకరు ఎస్‌వీఎం, మరొకరు న్యూరల్ నెట్‌వర్క్, ఇంకొకరు పక్షులో చీమలో పేరున్న ఆప్టిమైజేషన్ పద్ధతి. కచ్చితత్వం ఒకటి రెండు శాతం పెరిగిందంటారు. వీళ్లంతా ఒకరినొకరు ఉదహరించుకుంటారు కాబట్టి అందరి హెచ్-ఇండెక్సులూ పెరుగుతాయి. 2013లో షెపర్డ్, ఆయన సహచరులు అదే టీఎస్‌ఈలో ఆ నాసా డేటాలోనే లోపాలున్నాయని చూపించారు, రిపీటయిన వరుసలు, పొంతన లేని విలువలు. ఆ తర్వాత కూడా డేటాను శుభ్రం చేసుకోకుండా వాడుతూ పేపర్లు వస్తూనే ఉన్నాయి. మీరు అనుకున్న గైడ్ ఈ వరసలో ఉన్నారేమో, ఉంటే 2013 పేపరును ఎక్కడైనా ప్రస్తావించారేమో చూడండి. అది చూస్తే ఆయన చదివే మనిషో కాదో తేలిపోతుంది.

సైటేషన్లకు అందని ప్రభావం కూడా ఉంది. 1988లో అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో బార్టన్ మిల్లర్ అనే ప్రొఫెసర్ ఇంటినుంచి ఫోన్ లైను మీద యూనివర్సిటీ కంప్యూటర్‌కు కనెక్ట్ అయి పనిచేసుకుంటున్నారు. గాలివాన. లైన్లో గరగర వల్ల టైప్ చేసిన అక్షరాల మధ్య చెత్త అక్షరాలు చొరబడుతున్నాయి, దాంతో మామూలు యూనిక్స్ ప్రోగ్రాములు క్రాష్ అవుతున్నాయి. ఇంకొకరైతే విసుక్కుని లైను కట్ చేసేవారు. ఆయన దాన్నే క్లాసులో ప్రాజెక్టుగా ఇచ్చారు: చెత్త అక్షరాలు పుట్టించి ప్రోగ్రాములకు పెట్టండి, ఏవి పడిపోతాయో చూడండి. 1990లో పేపరు వచ్చింది. పరీక్షించిన ప్రతి యూనిక్స్ వెర్షన్‌లోనూ పావువంతు నుంచి మూడోవంతు దాకా యుటిలిటీలు కుప్పకూలాయి. ఆ పద్ధతికి ఆయన పెట్టిన పేరే ఫజ్. ఇవాళ గూగుల్ 2016లో మొదలుపెట్టిన ఓఎస్‌ఎస్-ఫజ్ లాంటివి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులను రాత్రింబవళ్లు అలాగే పరీక్షిస్తున్నాయి. మీ కంపెనీ సెక్యూరిటీ టీమ్‌లో ఫజింగ్ చేసేవాళ్లు మిల్లర్ పేపరును ఉదహరించరు. వాళ్లు పేపర్లు రాయరు కదా.

మనకు దగ్గరి ఉదాహరణ శ్రీరామ్ రాజమణి గారిది. తర్వాత బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాకు సారథ్యం వహించారాయన. అంతకుముందు అమెరికాలో థామస్ బాల్‌తో కలిసి స్లామ్ అనే ప్రాజెక్టు చేశారు. విండోస్ డ్రైవర్లు ఆపరేటింగ్ సిస్టమ్ నియమాలను పాటిస్తున్నాయో లేదో కోడ్‌ని నడపకుండానే తేల్చే పద్ధతి అది. డ్రైవర్లు రాసేవాళ్లకు మైక్రోసాఫ్ట్ ఇచ్చే టూల్‌గా మారింది. 2011లో ఆ ఇద్దరికీ ప్రోగ్రాములు సరిగ్గా ఉన్నాయో లేదో నిరూపించే రంగంలో ఇచ్చే సీఏవీ అవార్డు వచ్చింది. బ్లూ స్క్రీన్ రానప్పుడు ఎవరూ సైటేషన్ ఇవ్వరు.

ఇంత స్థాయి ప్రతి గైడ్ దగ్గరా ఉండాలని అనడం లేదు. చిన్న స్థాయిలో ఇదే వెతకండి. వాళ్ల టూల్ గిట్‌హబ్‌లో ఉందా? చివరి మార్పు ఎప్పుడు జరిగింది? బయటివాళ్లు ఎవరైనా ఇష్యూ రాస్తే ఎవరైనా జవాబిచ్చారా? ఎనిమిదేళ్లు కోడ్ రాసిన మనిషి మీరు, ఒక రెపో బతికుందో లేదో కనిపెట్టడం ప్రొఫెసర్ల కన్నా మీకే బాగా తెలుసు.

చివరిగా, మీ లాంటి స్కాలర్‌కు అన్నిటికన్నా అవసరమైనది జాబితాలోనే దాగి ఉంటుంది: రచయితల వరుస. మా రంగంలో సాధారణంగా మొదటి పేరు పని చేసిన విద్యార్థిది, చివరి పేరు గైడ్‌ది. థియరీ వైపు పేపర్లలో అక్షరక్రమం పాటిస్తారు, అది వేరు. గైడ్ గారి గత పదేళ్ల పేపర్లలో మొదటి పేర్లు రాసుకోండి. ఒకే స్కాలర్ పేరు మూడు నాలుగేళ్ల పాటు మొదట కనిపించి, ఆ తర్వాత ఆ పేరుతోనే వేరే చోటి నుంచి పేపర్లు వస్తున్నాయా? అయితే ఆ గైడ్ మనుషుల్ని తయారు చేస్తున్నట్టు. ఒక పేరు రెండు పేపర్లకు కనిపించి మాయమైపోతే, మరో పేరు, మళ్లీ మాయం, ఇలా ఉంటే ఆ మనుషుల్ని లింక్డ్‌ఇన్‌లో వెతికి ఒకరిద్దరితో మాట్లాడండి. మానేసినవాళ్లు ఫోన్లో నిజం చెబుతారు. ఇంకా ఉన్నవాళ్లు ల్యాబులో చెప్పరు, క్యాంటీన్‌కి తీసుకెళ్లి అడగండి. ఉద్యోగం చేస్తూ చేరినవాళ్లకు డీసీ (డాక్టోరల్ కమిటీ) మీటింగులు సాయంత్రం పెడతారా, డ్రాఫ్టు పంపితే ఎన్నాళ్లకు తిరిగొస్తుంది, ఎర్ర గీతలతో వస్తుందా లేక "గుడ్" అని ఒక్క ముక్కతో వస్తుందా అన్నది కనుక్కోండి.

మీరు పంపిన వివరాలను బట్టి నా మాట: 9 ఉన్న మేడమ్ పేపర్లు తక్కువే అయినా ఏఎస్‌ఈ, ఎంపిరికల్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌లలో ఉన్నాయన్నారు, కోడ్ బయట పెట్టారన్నారు. నేనైతే ముందు ఆవిడను కలుస్తాను. ఒక్క ఇబ్బంది, ఆవిడ దగ్గర ఇంకా ఎవరూ పీహెచ్‌డీ పూర్తి చేయలేదు కాబట్టి మీరే మొదటివారు అవుతారు. ఆ రిస్కు మీరు తూచుకోవాలి. 17 ఉన్న సార్ గురించి మీరు రాసింది చాలా తక్కువ, పైన చెప్పినట్టు ఆయన స్కాలర్ల పేర్లు చూశాక నిర్ణయించండి. 31 ఉన్న సార్ దగ్గర చేరితే ఆయన పేరు ఉపయోగపడుతుంది, అందులో సందేహం లేదు. కానీ ఒకేసారి ఎనిమిది మంది స్కాలర్లున్నారంటే ఆయన టైము మీకెంత దొరుకుతుందో అడిగి తెలుసుకోండి.

మేడమ్‌కి మెయిల్ రాసేటప్పుడు "రెస్పెక్టెడ్ మేడమ్, ఐ యామ్ వెరీ ఇంట్రెస్టెడ్" అని మొదలుపెట్టకండి. ఆవిడ పేపరు ఒకటి పూర్తిగా చదివి, మీ ఆఫీసు ప్రాజెక్టులో అది ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో ఐదారు వాక్యాల్లో రాయండి. సబ్జెక్ట్ లైన్లో "పీహెచ్‌డీ అడ్మిషన్ రిక్వెస్ట్" అని పెట్టొద్దు, అవి రోజూ వస్తుంటాయి. ఆ పేపరు పేరు పెట్టండి.